సర్వేయరు కాని శాలేమురాజు

తెనాలి చినరావూరులో శాలేమురాజు ఇల్లెక్కడని అడిగితే నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. సర్వేయరు గారి ఇల్లెక్కడంటే మాత్రం ముక్కు తుడుచుకోవడం రాని పిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. చర్చిలో కానుక పట్టే పెద్దలు మొదలుకొని రైల్వే స్టేషను దగ్గర టీకొట్టు అతని దాకా అందరికీ అతను సర్వేయరు గారే.

పొలాలు కొలిచే సర్వేయరు కాదు. కొత్తవాళ్ళు ఆ పొరపాటు పడుతూనే ఉంటారు. పిట్టలవానిపాలెంలో ఒక పెద్దాయన రెండు కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చి, అవి తాగడం అయ్యాక, పక్కవాడు నా గట్టు జానెడు తినేశాడు, కొలిచి తేల్చండి బాబూ అని పట్టుకుపోయాడు. రాజు కొలిచేది పొలాన్ని కాదు, నష్టాన్ని. బీమా చేసిన కొట్టు కాలినా, గోదాములోకి నీళ్ళొచ్చినా, లారీ తిరగబడినా, కంపెనీ డబ్బు ఇవ్వాలంటే ముందు ఒక మనిషి వెళ్ళి చూడాలి. ఏం పోయింది, ఎట్లా పోయింది, మిగిలినదానికి ఎంతొస్తుంది అని తేల్చి రాయాలి. ఆ రాతను బట్టే డబ్బు. చిన్నా చితకా నష్టాలు వదిలేస్తే, ఆ రాసే మనిషికి లైసెన్సు ఉండి తీరాలి.

శాలేమురాజుకు అన్నీ ఉన్నాయి. మసిబారిన గోడ మీద ఎక్కడి దాకా నలుపు తక్కువగా ఉందో చూసి, అక్కడ బస్తాలు ఎన్ని వరసల ఎత్తున పేర్చి ఉండేవో చెప్పగల కన్నుంది. తడిసిన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, లోపలి వేడిని బట్టి అది ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పగల అనుభవం ఉంది. ఓనరు అబద్ధం చెబుతుంటే రెండో మాటకే పసిగట్టి, మూడో మాట దాకా కూడా బయటపడని మర్యాద ఉంది. ఇంగ్లీషులో పన్నెండు పేజీల రిపోర్టు ఒక్క అచ్చుతప్పు లేకుండా కొట్టగల వేళ్ళున్నాయి. లేనిదల్లా ఆ లైసెన్సు ఒక్కటే.

లైసెన్సు ఉన్నది వేంకటసుబ్రహ్మణ్యం గారికి. బోసు రోడ్డులో మేడమీద ఆయన ఆఫీసు. ఇరవై మూడేళ్ళ కిందట రాజు అక్కడ టైపిస్టుగా చేరాడు. సుబ్రహ్మణ్యం గారు ఇంజినీరింగు చదివినాయన, ఒళ్ళు బరువు, షుగరు. కాలిన మిల్లుల అటకలెక్కడం, మునిగిన రోడ్ల మీద నడవడం ఆయన వల్ల కాలేదు. మొదటి రెండేళ్ళు రాజును వెంట తీసుకువెళ్ళి చూపించారు. మూడో ఏడు నుంచి "నువ్వెళ్ళి చూసిరావయ్యా రాజూ, ఇద్దరం ఎందుకు?" అన్నారు. అప్పటి నుంచి చూసేది రాజు, కొలిచేది రాజు, ఫోటోలు తీసేది రాజు, రాసేది రాజు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, ఎక్కడో ఒక మాట మార్చి, చివర సంతకం చేసి, లైసెన్సు నంబరున్న ముద్ర కొట్టేవారు. ఆ ముద్ర ఆయన సొరుగులోనే ఉండేది. రాజు దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు.

"చాకిరీ మీదీ, సంతకం ఆయనదీనా?" అనేది భార్య జ్ఞానమ్మ. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ఆ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి నిండు చూలాలిగా వెళ్ళి సాధించుకున్న మనిషి. మొగుడు ఒక్క కాగితం సంపాదించుకోలేకపోవడం ఆవిడకు ఎప్పటికీ కొరుకుడు పడలేదు.

సంపాదించుకోవాలని అతనికీ లేకపోలేదు. రాజు చదువు ఇంటర్మీడియట్, ఆపైన టైపు హయ్యరు. లైసెన్సుకు అది చాలదు. ఇంజినీరింగు డిగ్రీయో డిప్లొమానో అట్లాంటిదేదో ఉండాలి, లేదంటే బీమా చదువుల పరీక్షలు వరసగా గట్టెక్కాలి. ఆ తర్వాత లైసెన్సున్న సర్వేయరు దగ్గర ఏడాది శిక్షణకు పేరు రాయించుకోవాలి. ఆ తర్వాత ఇంకో పరీక్ష. మెట్లు చాలానే ఉన్నాయి, కానీ ఎక్కలేనివేం కాదు. రాజు పుస్తకాలు తెప్పించుకుని అట్టలు వేసుకున్నాడు. మొదటిసారి పరీక్షకు నాలుగు రోజులుందనగా తుఫాను వచ్చింది. నిజాంపట్నం నుంచి బాపట్ల దాకా తడవని గోదాము లేదు. సుబ్రహ్మణ్యం గారు హాలుటిక్కెట్టు చూసి జాలిగానే అన్నారు, "పరీక్ష మళ్ళీ వస్తుందయ్యా. తడిసిన బస్తా మళ్ళీ ఆరదు." రాజు వెళ్ళాడు. రెండోసారి మూడు పేపర్లు రాసి ఒకటి నాలుగు మార్కుల్లో పోగొట్టుకున్నాడు. మూడోసారి అన్నీ దాటి, శిక్షణకు పేరు రాయించుకునే కాగితం పట్టుకువెళ్ళి సుబ్రహ్మణ్యం గారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని బల్ల మీది అద్దం కిందికి తోసి, "చూద్దాంలే, ఈ మార్చి పోనీ" అన్నారు. ఎన్ని మార్చిలు పోయాయో లెక్క లేదు.

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే రాజు ఏనాడో బయటపడేవాడు. రాజు కొడుక్కు డెంగ్యూ వస్తే గుంటూరు ఆసుపత్రిలో రెండు రాత్రులు కుర్చీలో కూర్చున్న మనిషాయన. పండక్కి రాజు కంటే ముందు జ్ఞానమ్మకు చీర కొనేవారు. రాజు లైసెన్సు తెచ్చుకుంటే తన ఆఫీసు మూతపడుతుందని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలుసని రాజుకు తెలుసు. ఇద్దరూ మంచివాళ్ళే కనుక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మంచివాళ్ళ దగ్గర ఇరుక్కున్నవాడికి విడుదల కష్టం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, రాజు మీద ఎంత ఇష్టమున్నా సరే. మొదట్లో ఎవరైనా సర్వేయరు గారూ అంటే, "కాదండి, నేను అసిస్టెంటునండి" అనేవాడు. కొన్నాళ్ళకు ఆ మాట చెప్పడానికి విసుగొచ్చింది. ఇంకొన్నాళ్ళకు ఆ పిలుపు చెవికి ఇంపుగా తగిలింది. ఆపైన దిద్దడం మానేశాడు. నోటితో ఒక్క అబద్ధం ఆడకుండానే ఇరవై ఏళ్ళలో అతను మూడు తాలూకాలకు సర్వేయరు అయిపోయాడు.

కిందటేడు జూన్‌లో సుబ్రహ్మణ్యం గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. కూతురు శ్రీవల్లి వచ్చి బాపట్ల తీసుకువెళ్ళిపోయింది. రాజు రోజూ బోసు రోడ్డు మెట్లెక్కి తలుపు తీసి, ఊడ్చి, ఫ్యాను వేసుకుని కూర్చునేవాడు. ఆగస్టు ఇరవైకి లైసెన్సు గడువు తీరుతుందని గోడ మీద క్యాలెండర్లో ఎర్ర సిరాతో చుట్టిపెట్టింది అతనే. ప్రతిసారీ రెన్యువల్ కాగితాలు నింపేది అతనే. ఈసారీ నింపి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, ఆగస్టు మొదటి వారంలో బాపట్ల రైలెక్కాడు.

సుబ్రహ్మణ్యం గారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. రాజును చూడగానే ఎడమ చెయ్యి చాచారు. రాజు కాగితం అట్ట మీద పెట్టి, కలం ఆయన కుడి చేతి వేళ్ళ మధ్య ఇరికించి, పైనుంచి తన చెయ్యి పట్టీపట్టనట్టు ఆనించాడు. కలం ఒక గీత కిందికి లాగి, అట్ట దాటి ఆయన పంచె మీదికి జారింది. ఆయన ఆ గీతను చూశారు, రాజును చూశారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి కుడి చెయ్యి ఎత్తబోయారు, అది లేవలేదు.

"తొందరేం లేదు సార్. చెయ్యి తిరిగొచ్చాకే చేద్దురుగాని" అన్నాడు రాజు, కాగితం గబగబా మడిచేస్తూ.

శ్రీవల్లి మజ్జిగ తెస్తూ అడిగింది, "ఏంటండి రాజుగారూ ఆ కాగితం?"

"ఏం లేదమ్మా. ఆఫీసు కాగితం."

అక్కడే పొరపాటు చేశాడు. ఆమెకు చెప్పి ఉంటే, వేలిముద్రతో కుదురుతుందా, కంపెనీకి ముందే ఉత్తరం రాయాలా అని ఎవరినైనా అడిగేది. చదువుకున్న పిల్ల, దారి ఏదో చూసేది. చెబితే ఇక ఆయన చెయ్యి రాదని ఒప్పుకున్నట్టవుతుందని రాజుకు అనిపించింది. ఆయన ఎదుట ఆ మాట రానివ్వడం అతని చేత కాలేదు. తిరిగొచ్చే రైల్లో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆ సంతకం ఇరవై మూడేళ్ళుగా చూస్తున్నాడు. కళ్ళు మూసుకుని పెట్టగలడు. పెట్టలేదు. దానికి మెచ్చుకునేవాళ్ళెవరూ లేరు, ఎవరికీ తెలియదు కనుక.

గడువు తీరిన పదకొండో రోజున కంపెనీ ఆఫీసు గుమాస్తా శ్రీనివాసరావు ఫోన్ చేశాడు.

"రాజుగారూ, రేపల్లెలో పెనుమూడి రోడ్డు మీద మినప్పప్పు మిల్లు అంటుకుందండి. మంగాయమ్మ అని ఓనరు. మీరు వెళ్ళి చూసేయండి, సార్ పేరు మీద కాగితం రేపు పంపిస్తా. అన్నట్టు సార్ ఎట్లా ఉన్నారు?"

"బానే ఉన్నారండి" అన్నాడు రాజు. నోరు తెరిచి లైసెన్సు అయిపోయిందండి అంటే, బోసు రోడ్డు గది తలుపు ఇక తియ్యక్కర్లేదు. యాభై రెండేళ్ళ వయసులో అతను మళ్ళీ టైపిస్టు. టైపు మిషన్లు కూడా ఇప్పుడు లేవు. "ఇప్పుడే బయల్దేరతానండి" అన్నాడు.

మంగాయమ్మ నలభై అయిదేళ్ళ మనిషి, గట్టి పిండం. భర్త ఫ్రాన్సిస్ ఒరిస్సా లారీ మీద తిరుగుతాడు, నెలకో రెండు నెలలకో ఇంటికొస్తాడు. మిల్లు ఆమెదే. వరి కోసిన చేలల్లో పండిన మినుములు పెనుమూడి రైతుల దగ్గర కొని, పప్పు చేసి అమ్ముతుంది. మెయిను స్విచ్చు దగ్గర నిప్పు రాజుకుంది. పైవరసలు కాలిపోయాయి, కింది వరసలు ఫైరింజను నీళ్ళకు నానిపోయాయి. ఏడాది సరుకంతా ఆ షెడ్డులోనే ఉంది. సరుకుకీ మోటారుకీ బ్యాంకువాళ్ళు చేయించిన బీమా ఒక్కటే ఆమెకు మిగిలిన ఆశ. అది వస్తే మిల్లు తిరుగుతుంది, రాకపోతే తాళం పడుతుంది.

"రండి సర్వేయరు గారూ" అంది. ఏడవలేదు. చీపురు పట్టుకునే నిలబడింది. "ఏదీ ముట్టుకోలేదండి. మీరొచ్చేదాకా కదపకూడదన్నారు."

రాజు రెండు రోజులు అక్కడే ఉన్నాడు. కరిగి గుండుపూసలయిన రాగి తీగలు ఏరి కవర్లో వేశాడు. గోడ మీది మసిని బట్టి వరసలు లెక్కపెట్టాడు, కొనుగోలు పుస్తకంతో సరిచూశాడు. నూట నలభై రెండు బస్తాలు. ఆమె చెప్పింది నూట నలభై. ఎక్కువ చెప్పే ఓనర్లను చూశాడు గానీ, తక్కువ చెప్పిన మనిషిని చూడటం అతనికి అదే మొదలు.

రెండో రోజు మధ్యాహ్నానికి తడిసిన బస్తాల్లో మొలకలు తెల్లగా కనిపించాయి. పుల్లటి వాసన రోడ్డు దాకా కొడుతోంది. ఆకాశం మూసుకునే ఉంది. ఇంకో రోజు ఆగితే అవి పశువులు కూడా ముట్టవు. కాకుమాను దాణా వ్యాపారి ఒకాయన వచ్చి చూసి, ఇవాళైతే తీసుకుంటాను, రేపైతే ఎరువు కిందే అని వెళ్ళి టీకొట్టు దగ్గర కూర్చున్నాడు.

"ఏం చేయమంటారు అన్నయ్యగారూ?" అని అడిగింది మంగాయమ్మ. రెండు రోజుల్లో సర్వేయరు గారు అన్నయ్యగారయ్యాడు.

రాజు బాపట్ల ఫోన్ చేశాడు. శ్రీవల్లి ఎత్తి, "నాన్నగారు పడుకున్నారండి" అంది. సరేనమ్మా అని పెట్టేశాడు. ఆయన మేలుకుని ఉన్నా చెప్పగలిగిందేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఇట్లాంటి చోట నిర్ణయం చేసేది రాజే. నష్టం తగ్గితే కంపెనీకీ మంచిదే, ఓనరుకూ మంచిదే. ఎప్పుడూ ఎవరూ తప్పు పట్టలేదు. వెనక సుబ్రహ్మణ్యం గారి ముద్ర ఉండేది కనుక పట్టలేదు.

"అమ్మేయమ్మా. కాటా వేయించి చీటీలు దాచు. నేను చూశాను గదా."

"కాగితం మీద ఏమన్నా రాసిస్తారా?"

"నేను చెప్పాను గదమ్మా" అన్నాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. సాయంత్రానికల్లా తడిసిన సరుకు ట్రాక్టరు ఎక్కింది. కాలిన చెత్త ఎత్తిపోయించి, మర్నాడు ఆమె షెడ్డు కడిగించింది.

నాలుగో రోజు శ్రీనివాసరావు మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతు మారిపోయి ఉంది. "ఏంటండి రాజుగారూ ఇది? సార్ నంబరు కంప్యూటరు తీసుకోవట్లేదు. గడువు తీరి రెండు వారాలైందంట. ఒక్క మాట చెప్పొచ్చు గదండి!"

రాజు సార్ చెయ్యి సంగతి చెప్పబోయాడు.

"సర్లెండి. ఆ పప్పు మిల్లుకి వేరే ఆయన్ని వేశారు. శశిధర్ అని. మీరిక అటు వెళ్ళకండి."

వెళ్ళాడు. వెళ్ళకుండా ఎట్లా ఉంటాడు? తెనాలి నుంచి రేపల్లె దాకా రైల్లో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాడు. అతను చేరేసరికి శశిధర్ షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టేపు. కడిగిన నేల, ఖాళీ గోడలు. కొలవడానికి అక్కడేమీ లేదు.

"సరుకు ఎవరు తీయమన్నారమ్మా?" అని అడుగుతున్నాడు.

"సర్వేయరు గారేనండి" అంది మంగాయమ్మ. గుమ్మంలో రాజు కనిపించగానే ఆమె మొహం వికసించింది. "అదుగో, ఆయనే వచ్చారు. చెప్పండి అన్నయ్యగారూ, మీరే గదా అమ్మమన్నారు?"

శశిధర్ ఇటు తిరిగాడు. "నమస్కారమండి. మీ లైసెన్సు నంబరు చెబుతారా, రాసుకుంటాను?"

అమర్యాదగా అడగలేదు. తోటి సర్వేయరును అడిగినట్టే అడిగాడు. అన్నేళ్ళలో రాజును ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే.

"నాకు లేదండి" అన్నాడు రాజు.

మంగాయమ్మ ఒకసారి రాజు వైపు, ఒకసారి శశిధర్ వైపు చూసింది. ఆమెకు ఇందులో అర్థం కానిదేం లేదు. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి ఇద్దరికీ రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. రాజు గ్లాసు ముట్టుకోలేకపోయాడు.

శశిధర్ రాజు ఫోటోలు చూశాడు, నోటుపుస్తకం చూశాడు, కాటా చీటీలు చూశాడు. పావుగంట చూశాక తలెత్తాడు. "నేనైతే ఇంత బాగా చేసేవాణ్ణి కాదండి. నిజంగా. కానీ నేను చూడనిదాన్ని చూశానని ఎట్లా రాయను? నా లైసెన్సు పోతుంది." అది సరైన మాట. "ఒక పని చేద్దాం. సరుకు అమ్మమన్నది మీరేనని, ఆమె తప్పేం లేదని ఒక స్టేట్‌మెంటు రాసివ్వండి. ఆమె మంచి మనసుతోనే చేసిందని నేను రాయడానికి అదొక ఆధారం అవుతుంది."

రాజు అక్కడే కూర్చుని రాశాడు. తాను లైసెన్సున్న సర్వేయరును కానని రాశాడు. తన మాట మీదే ఆమె సరుకు అమ్మిందని రాశాడు. కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. దీంతో ఆమె గట్టెక్కుతుందని నమ్మాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

నవంబరు చివర ఒకరోజు పొద్దున మంగాయమ్మ చినరావూరు వచ్చింది. సర్వేయరు గారి ఇల్లెక్కడని అడుగుతూ వచ్చింది పాపం, వేరే పేరుతో అడిగితే దొరకదు గదా. జ్ఞానమ్మ కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. మంగాయమ్మ సంచిలోంచి కంపెనీ ఉత్తరం తీసి రాజుకిచ్చింది. "అంతా ఇంగ్లీషులో ఉందండి. బ్యాంకులో చదివించుకుందామంటే మనసొప్పలేదు. మీరైతే ఉన్నది ఉన్నట్టు చెబుతారని తెచ్చా."

రాజు ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. అట్లాంటి ఉత్తరాలు వందలు చూశాడు గానీ వాటిలో తన పేరు ఎప్పుడూ లేదు. శశిధర్ మాట నిలబెట్టుకుని ఆమెకు అనుకూలంగానే రాసినట్టున్నాడు. కంపెనీవాళ్ళు మాత్రం వేరే దారి పట్టారు. సర్వే జరగకముందే, కంపెనీ అనుమతి లేకుండా, ఎలాంటి అధికారమూ లేని వ్యక్తి మాట మీద సరుకు తరలించారనీ, ఆ సంగతి ఆ వ్యక్తే స్వయంగా రాసిచ్చాడనీ, అందువల్ల సరుకు నష్టం పరిశీలించలేమనీ రాశారు. మోటారుకు మాత్రం ఏదో కాస్త మంజూరు చేశారు. ఆధారం కింద జతచేసిన కాగితం శాలేమురాజు స్టేట్‌మెంటు.

తెలుగులో చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. మంగాయమ్మ వింటూ చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అంతా అయ్యాక అడిగింది, "మరి మీకేమీ ఇబ్బంది రాలేదు గదా అన్నయ్యా?"

తిట్టినా బాగుండేది. రాజు లేచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద మొహం కడుక్కుని, చాలాసేపటికి గాని రాలేదు.

వచ్చాక, "పైకి అప్పీలు చేసుకోవచ్చమ్మా. గడువుంది, రాద్దాం" అన్నాడు. పాత లాప్‌టాపు తెరిచి కూర్చున్నాడు. ఎట్లా రాస్తే నిలుస్తుందో అతనికి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నిలిచే దారి ఒక్కటే ఉంది. తెలిసి తెలిసి అధికారం లేనివాడి మాట విన్నానంటే ఆమె తప్పు. వాడు సర్వేయరునని చెప్పి తనను మోసగించాడంటే తప్పు వాడిది, ఆమె అమాయకురాలు. గంటలో రెండు పేజీలు తయారయ్యాయి. బజారుకు వెళ్ళి ప్రింటు తీయించుకొచ్చి, తెలుగులో వినిపించాడు.

"శాలేమురాజు అనే వ్యక్తి తాను లైసెన్సున్న సర్వేయరునని నమ్మబలికి, నన్ను మోసం చేసి..."

"ఆగండాగండి" అంది మంగాయమ్మ. "మోసం అని రాశారా?"

"రాయాలమ్మా. కేసు నిలవాలంటే ఆ మాట ఉండాలి."

"మీరు సర్వేయరునని నాతో ఎప్పుడన్నారు? నేనే గదా అట్లా పిలిచింది?"

"నేను కాదని చెప్పలేదు గదమ్మా."

"నేను అడగలేదు గదా. నా కళ్ళ ముందు రెండు రోజులు ఆ మసిలో పొర్లాడి లెక్కలు కట్టిన మనిషిని మోసగాడని నేను సంతకం పెట్టాలా? నా నోట రాదయ్యా ఆ మాట. చేత్తో అసలు రాదు."

"చెల్లెమ్మా, నీ మిల్లమ్మా" అన్నాడు రాజు. "నాకేం కాదు. నాకు ఉద్యోగమే లేదు, పోవడానికేం ఉంది? ఒక్క సంతకం పెట్టు. నీకు దండం పెడతా."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. జ్ఞానమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మంగాయమ్మ అతని చేతులు విడదీసి కిందికి దించింది. "అబద్ధమాడితే వచ్చేట్టయితే బస్తాలు నూట అరవై అని ఆ రోజే చెప్పేదాన్ని. ఆ మాట తీసేసి రాయండి, పెడతా. తియ్యకపోతే వద్దు, పోనీండి."

రాజు వాదించాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు కూడా. ఆమె కదల్లేదు. చివరికి మళ్ళీ కూర్చుని ఆ వాక్యం తీసేశాడు. అది పోయాక ఆ రెండు పేజీల్లో మిగిలింది దయచేసి అన్న మాట ఒక్కటే. అట్లాంటి అర్జీలు ఏమవుతాయో అతనికి బాగా తెలుసు. ఆమె తెలుగులో గుండ్రంగా సంతకం చేసింది.

ఇద్దరూ నడుచుకుంటూ పోస్టాఫీసుకు వెళ్ళి రిజిస్టరు చేయించారు. రాజు రసీదు ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

"వస్తుందంటారా అన్నయ్యా?" అని అడిగింది.

రాదని అతనికి తెలుసు. రోడ్డు వైపు చూస్తూ, "వస్తుందమ్మా" అన్నాడు. ఆమె నమ్మి, రేపల్లె రైలు టైమైందని స్టేషను వైపు వెళ్ళిపోయింది.